వేడి పడదన్నారు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. తీపి లెక్క, అదే బ్రిక్స్, ఎంత ఉంటే డబ్బాకెత్తొచ్చు, పులుపు ఎట్లా సరిచేయాలి, ఆడిటర్లు వస్తే ముందు ఏ రిజిస్టరు తీస్తారు అని అడుగుతారు. చెబుతాను. నేను చెప్పకపోయినా రెండు సీజన్లు గడిస్తే అవన్నీ వాళ్లకే వస్తాయి. ఎవరూ అడగని సంగతి ఒకటుంది. పనిచేసే మనిషి జబ్బుపడి, పూర్తిగా తగ్గని జబ్బుతోనే మళ్లీ గేటు దగ్గరికి వస్తే లోపలున్నవాళ్లు ఏం చేస్తారన్నది. నాకు ఏం చేశారో రాస్తాను. నేను ఏం చేశానో కూడా రాస్తాను.

రిటైరైన వాళ్లు అందరినీ క్షమించేసి, చల్లటి మనసుతో రాయాలని ఒక పద్ధతి ఉన్నట్టుంది. అది నా వల్ల కాదు. నాకు కోపం ఉంది. అది పోయేదాకా ఆగితే ఈ నాలుగు ముక్కలు ఎప్పటికీ రాయలేను.

కుడికన్ను

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కనున్న ఫ్యాక్టరీల్లో ఒకదానిలో నేను ల్యాబు కెమిస్టుని. పేరు అనవసరం. సీజను వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు మీద వరుస కట్టేవి. రెండు నెలలు మాకు ఆదివారం ఉండదు, పెళ్లిళ్లు ఉండవు, ఇంట్లోవాళ్ల ముఖాలు కూడా సరిగ్గా గుర్తుండవు.

బ్రిక్స్ మీటరంటే జేబులో పట్టే చిన్న గొట్టం. ఒక చివరనున్న గాజు మీద రసం చుక్క వేసి, మూత మూసి, వెలుతురు వైపు పట్టి, రెండో చివర కన్ను పెట్టి చూడాలి. లోపల నీలం ఎక్కడ ఆగి తెలుపు మొదలవుతుందో అక్కడున్న అంకె ఆ పండులోని తీపి. ఒంటికన్నుతో చేసే పని. నాది కుడికన్ను.

ఒక జూన్ నెలలో ఆ గీత చెదిరిపోయి కనిపించడం మొదలైంది. గాజు తుడిచాను. మీటరు మార్చాను. మర్నాడు గుజ్జు రంగే తేడాగా కనిపించింది. పాలిపోయి ఉంది. కాయలు సరిగ్గా మాగకుండానే పంపారని నిర్ణయానికి వచ్చి, లైను ఆపించి, మాగబెట్టే గది వాళ్లను పిలిచి నోటికొచ్చినట్టు తిట్టాను. అరగంట తిట్టాను. బాయిలరు నడిపే ఖాదర్ బాషా టీకని వచ్చి ఇదంతా చూశాడు. గాజు గ్లాసులోని గుజ్జుని అటూ ఇటూ తిప్పాడు.

"సార్, రంగు బాగానే ఉండాది. ఒగసారి ఎడం కంటితో సూడండి" అన్నాడు.

కుడికన్ను మూసి చూశాను. మేలైన పసుపు. ఎడమకన్ను మూసి చూశాను. నీళ్లు కలిపినట్టుంది. అదే గ్లాసు. తిట్లు తిన్నవాళ్లు ఎదురుగానే నిలబడి ఉన్నారు. వాళ్లకు నేను క్షమాపణ చెప్పలేదు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లవాణ్ణి, ల్యాబు నాది, మాట నాది.

కన్ను కొన్ని వారాలకు కుదుటపడింది. ఆ ఏడాది చివర్లో కాలు మొదలుపెట్టింది. ఎడమ పాదానికి తిమ్మిరి. ఒకరోజు గేటు నుంచి ల్యాబుదాకా నడిచి వచ్చాక చూస్తే ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ ఊడిందో కాలికి తెలియలేదు. వాచ్‌మన్ దాన్ని చేత్తో పట్టుకుని వెనకాలే వస్తున్నాడు, నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే మా ఆవిడ సుగుణ నన్ను తిరుపతి తీసుకెళ్లింది.

స్కానింగులయ్యాక నరాల డాక్టరుగారు జబ్బు పేరు చెప్పారు. మల్టిపుల్ స్క్లీరోసిస్. కరెంటు తీగ మీద తొడుగు అక్కడక్కడా ఊడినట్టు, నరాల మీది పొర పోతుందట. ఎక్కడ పోతే అక్కడ ఇబ్బంది. వస్తుంది, కొంత తగ్గుతుంది, మళ్లీ రావచ్చు. ఐదు రోజులు సెలైన్లో మందు ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు చివరగా ఒక మాట అన్నారు.

"వేడి మీకు పడదు. జాగ్రత్తగా ఉండండి."

"నాకు తెల్సు సార్. పెండ్లయిన కాడ్నించి సూస్తాండా, ఈయనది వేడి ఒళ్లు" అంది సుగుణ.

డాక్టరుగారు తలూపి తరువాతి పేషెంటుని పిలిచారు. మా ఇంట్లో ఆ రోజునుంచి కోడి బంద్. గుడ్డు బంద్. ఆవకాయ, బొప్పాయి, నువ్వులు బంద్. మామిడిపండు అసలే లేదు. పొద్దున బార్లీ నీళ్లు, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం సబ్జా గింజలు. నెత్తిన ఆముదం. ఐదు నెలలు ఇట్లా చలవ చేయించుకుని నేను డ్యూటీకి తయారయ్యాను.

జబ్బు పేరు

తిరిగి చేరిన రోజు గేటులోనే మొదటి పొరపాటు చేశాను. "ఏమైంది సార్" అని వాచ్‌మన్ అడిగితే, "నరాల జబ్బు" అన్నాను.

చిత్తూరు బస్టాండు చుట్టుపక్కల గోడలు చూసినవాళ్లకు నేనేం చేశానో అర్థమయ్యే ఉంటుంది. నరాల బలహీనతకు లాడ్జీలో ప్రతి శుక్రవారం వైద్యం, రహస్యంగా ఉంచబడును. వాచ్‌మన్ నా చెవిలో, తన బామ్మర్దికి తెలిసిన చూర్ణం ఒకటుందన్నాడు. మధ్యాహ్నానికి క్యాంటీనులో నేను వెళితే మాటలాగిపోయేవి. మేనేజరు దొరస్వామి నా భుజం తట్టి, "పిల్లోల్లు పెద్దోల్లయినారు, ఇంక దానికి దిగులేందప్పా" అన్నాడు.

సిగ్గుపడి నోరు మూసుకున్నాను. అదే రెండో పొరపాటు. మీకు ఏ జబ్బుందో ఆ పేరు నోరారా చెప్పండి. ఎదుటివాడికి నోరు తిరగకపోతే వాడి తంటా వాడు పడతాడు. పేరు చెప్పకుండా మీరు వదిలిన ఖాళీలో వాళ్లకు తోచింది పెట్టుకుంటారు.

మెత్త వేసిన కుర్చీ

దొరస్వామి చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే చెడ్డవాడైతే నేను యూనియన్ దగ్గరికి పోయేవాణ్ణి. మంచివాడితో తగువు పెట్టుకోవడానికి మనకు మాటలుండవు.

"ల్యాబులో దినమంతా నిలబడల్ల, యార్డుకీ లైనుకీ తిరగల్ల. నీకెందుకప్పా ఆ కష్టం?" అన్నాడు. "కూసోని సేసే పని ఇస్తా. స్టెరిలైజరు కాడ రీడింగులు రాసుకుంటా గమ్మున ఉండు. కుర్సీకి మెత్త గూడా ఏయిస్తా."

నిజంగానే వేయించాడు. అందరూ అదృష్టవంతుణ్ణి అన్నారు. సుగుణ కాణిపాకం వెళ్లి మొక్కు తీర్చి వచ్చింది.

స్టెరిలైజరంటే గుజ్జుని నీళ్లు మరిగే వేడికంటే ఎక్కువకు కాచే యంత్రం. పైన రేకుల కప్పు, బయట మే నెల చిత్తూరు ఎండ. పక్కనే ఆవిరి పైపులు. నా కుర్చీ దానికి నాలుగడుగుల దూరంలో ఉంది. ల్యాబులో ఏసీ ఉంది, నిజమే. కానీ అది నిలబడే పని కదా.

పది గంటలకల్లా కాళ్లు బరువెక్కేవి. పదకొండుకు మీటరు ముల్లు రెండుగా కనిపించేది. మధ్యాహ్నానికి నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చేది. సాయంత్రం ఇంటికెళ్లి, తలమీంచి చన్నీళ్లు పోసుకుని కాసేపు పడుకుంటే మళ్లీ మామూలు. జబ్బు ముదిరిందనుకున్నాను. సుగుణ మజ్జిగ ఇంకో చెంబు పెంచింది.

తొమ్మిదో రోజో పదో రోజో, రీడింగు పుస్తకం ఇవ్వడానికి లేచి నాలుగడుగులు వేశాను. అయిదో అడుగుకు ఒళ్లు తూలి కమ్మీ పట్టుకున్నాను. కాయలు ఏరే బెల్టుకు అటూ ఇటూ ఆడవాళ్లున్నారు, ఇరవై మందికి పైనే. దొరస్వామి అప్పుడే లోపలికి వచ్చాడు.

"ఏమప్పా, ఏందిది?"

ఏదో చెప్పబోయాను. మాట ముద్దగా వచ్చింది. ఆయన ముఖం మారిపోయింది. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఊదు."

"సార్?"

"నోరు తెరిసి ఊదమంటి కదా."

ఊదాను. నలభైకి దగ్గరపడ్డ వయసులో, జీవితంలో కల్లు కూడా తాగనివాణ్ణి, పద్నాలుగేళ్లు ఆ మనిషి చేతికింద పనిచేసినవాణ్ణి, ఆ ఆడవాళ్ల ముందు నోరు తెరిచి ఆయన ముఖం మీదికి ఊదాను. పులిసిందేమోనని డబ్బా మూత తీసి నేను గుజ్జు వాసన చూసినట్టే చూశాడు. బెల్టు మీద కాయలు పోతూనే ఉన్నాయి, ఒక్క చెయ్యీ కదల్లేదు.

"వాసన లేదే. మరి తూల్తావేమప్పా?" అని కాసేపు చూసి, "పో, ఇంటికి పొయ్యి రెస్టు తీసుకో" అన్నాడు.

తప్పయింది అనలేదు. నాకు ఇన్నేళ్లకూ ఆరని కోపం అక్కడుంది. వాసన చూసినందుక్కాదు. తూలే మనిషిని తాగాడేమో అనుకోవడం లోకసహజం. అనుకున్నది తప్పని తేలాక కూడా, ఎందుకు తూలాడో ఆ మనిషినే కూర్చోబెట్టి అడుగుదామని ఆయనకు తట్టలేదు. రెస్టు తీసుకో అంటే నా కంటికి కనపడకు అని అర్థం. జబ్బు మనుషులతో ఆ మాట వాడే ముందు ఒకసారి ఆలోచించండి.

ఖాదర్ బాషా చెప్పింది

గేటుదాకా వెళ్లగలిగే స్థితిలో లేను. ఖాదర్ నా రెక్క పట్టుకుని కోల్డ్ స్టోరేజి ముందు గదిలోకి తీసుకెళ్లి ఒక క్రేటు మీద కూర్చోబెట్టాడు. తడిగుడ్డ తెచ్చి మెడచుట్టూ వేశాడు. ఇరవై నిమిషాలకు కాళ్లలో బరువు దిగిపోయింది. ఎదురుగా ఉన్న అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు కుడికంటితో చదివాను. లేచి గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాను. తిన్నగా నడిచాను.

"యేడి పడదని డాక్టరు సెప్పినాడంటిరి గదా సార్?" అన్నాడు ఖాదర్.

"సెప్పినాడప్పా. అందుకే కోడి మానేసినా, గుడ్డు మానేసినా, మామిడిపండు గూడా ముట్టలే."

ఖాదర్ నా మెడమీది తడిగుడ్డ తీసి పిండాడు.

"సార్... ఆయన సెప్పింది బాయిలరు గురించి సార్."

నవ్వాను. నవ్వు ఆగలేదు, అది ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఉష్ణోగ్రతలు రాయడమే ఉద్యోగమైనవాణ్ణి, వేడి అంటే ఒంట్లో చేసే వేడే అనుకుని, ఐదు నెలలు సబ్జా గింజలు తాగి, వెళ్లి ఆవిరి పైపు పక్కన కూర్చున్నాను. డాక్టరుగారికి ఫోన్ చేసి చెబితే, "అదే కదా నేను చెప్పింది, ఒంటి ఉష్ణోగ్రత పెరిగితే లక్షణాలు పెరుగుతాయి, చల్లబడితే తగ్గుతాయి" అన్నారు. అదే చెప్పారు. ఏ వేడో చెప్పలేదు. మేమూ ఏ వేడని అడగలేదు. తెలుగులో ఆ మాటకు రెండర్థాలున్నాయని ఆ రోజు డాక్టరుగారి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

పసుపు గీత

మర్నాడు దొరస్వామి దగ్గరికెళ్లి నన్ను మళ్లీ ల్యాబులోనే వేయమన్నాను.

"నిలబడలేవు గదప్పా."

"నిలబడేది కాదు సార్ నా ఇబ్బంది, వేడి."

"వేడి అందరికీ వేడే. ఆడోళ్లు ఆడ్నే సేస్తాండ్లేదా?" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "సూడు మునిరత్నం, నలుగుర్లో పడిపొయ్యి మానం పోగొట్టుకునేదానికన్నా, సీజను అయినాక గౌరవంగా మానుకుంటే మేలు" అన్నాడు.

నాకు వచ్చిన పని ల్యాబు ఒక్కటే. రంగు చూసి, చుక్క నాలుక మీద వేసుకుని, ఈ గుజ్జు ఏ తోట కాయో చెప్పగలిగేవాణ్ణి. దాన్ని వదిలేసి గౌరవంగా పోవడం అంటే ఏమిటో నాకు తెలియదు.

నాకు తెలిసిన పద్ధతిలోనే తెగించాను. ఆరు రోజులు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. గంటగంటకూ నా పక్కన గాలి ఎంత వేడిగా ఉందో థర్మామీటరుతో చూసి రాశాను. దాని పక్కన, స్టెరిలైజరు ముల్లు ఒకటిగా కనిపించిందా రెండుగానా. దాని పక్కన, బండ్లు తిరగడానికి నేలమీద వేసిన పసుపు గీత మీద తప్పకుండా ఎన్ని అడుగులు వేయగలిగాను. తరువాత రెండు రోజులు ల్యాబులో నా బదులు వేసిన కుర్రవాడు రాకపోతే, అక్కడ నిలబడి పనిచేస్తూ, గంటకోసారి బయటికొచ్చి ముల్లునీ గీతనీ చూసి అవే మూడూ రాశాను. ముల్లు రెండు కాలేదు, అడుగు గీత తప్పలేదు. ఆ కాగితం తీసుకెళ్లి దొరస్వామి ముందు పెట్టాను.

"ఇది గుజ్జు రిపోర్టయితే ఏం చేస్తారు సార్? ఏ వేడిలో చెడిపోతా ఉందో తెలిసినాక మళ్లా ఆడ్నే పెడతారా?"

చదివాడు. రెండోసారి చదివాడు. "నాకు సైన్సు సెప్పొద్దు" అని కాగితం నావైపు తోసేశాడు. తరువాత, "పో, నీ ల్యాబుకే పో. పడితే నన్ను అడగొద్దు" అన్నాడు.

గెలిచానని చప్పట్లు కొట్టకండి. ఆరు రోజులు నా ఒంటిని నేనే కాల్చుకుని రుజువు తేవాల్సి వచ్చింది. ఆ ముందు ఏడాది దొరస్వామికి నడుంనొప్పి వచ్చి, మేడ మీది ఆఫీసు కిందికి మార్చుకున్నాడు. ఆయన్ను ఎవరూ రుజువు అడగలేదు, ఎవరూ ఊదమనలేదు. ఆడవాళ్లు అక్కడే చేస్తున్నారు కదా అన్నాడే, ఆ ఆడవాళ్ల బెల్టు దగ్గర ఫ్యాన్లు పెట్టించడానికి మరో మూడు సీజన్లు పట్టింది. అది కూడా ఒకామె సొమ్మసిల్లి పడ్డాకే.

హేమ

ఆ తరువాత ల్యాబులోనే పనిచేశాను. రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది, కర్ర చేతికొచ్చింది, ఇంజక్షన్లు అలవాటయ్యాయి. దొరస్వామి రిటైరయ్యాడు. నేను ల్యాబు ఇన్‌చార్జిని అయ్యాను. కొత్తగా చేరినవాళ్లందరికీ నా కథ చెప్పేవాణ్ణి. నన్ను ఎవరూ అడగలేదయ్యా, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు అని.

నేను దిగిపోవడానికి రెండేళ్ల ముందు, యార్డులో కాయలు చూసి తీసుకునే జూనియర్ కెమిస్టు హేమకు ఇదే జబ్బని తేలింది. కాణిపాకం పిల్ల, వాళ్లమ్మ గుడి ముందు కొబ్బరికాయలు అమ్ముతుంది. ఒక సీజను పోయాక తిరిగి వచ్చింది. నాకు పండగే. ఈ ఫ్యాక్టరీలో మొదటిసారిగా ఒక మనిషి తిరిగొస్తే సరిగ్గా చూసుకోబోతున్నారు, చూసుకునేది నేను.

"యార్డు వద్దమ్మా ఇంక. నీకు వేడి పడదు, నాకు తెలుసు" అన్నాను. మైక్రోబయాలజీ గదిలో వేశాను. ఫ్యాక్టరీ మొత్తంలో చల్లటి గది అదే. ఏసీకి ఎదురుగా టేబులు వేయించాను. యార్డుకి పంపొద్దని అందరికీ చెప్పాను. "సరే సార్" అంది.

మూడో వారం ఆ గది మెట్ల దగ్గర పడిపోయింది. నేను వెళ్లేసరికి లేచి గోడకానుకుని ఉంది. రెండు కాళ్లూ కర్రల్లా బిగుసుకుపోయాయి. నేను అన్న మొదటి మాట రాస్తున్నాను, దాచను.

"ఇంటికి పోమ్మా. రెస్టు తీసుకో."

"సార్, నాకు సలవ పడదు" అంది. "ఏసీలో కూసుంటే కాళ్లు బిగదీసుకుపోతాయి. యార్డులో నడిస్తేనే వదులయితాది. మొదటి రోజే సెప్దామనుకుంటి. సెప్పనిస్తిరా మీరు? నీకేం పడదో నాకు తెల్సంటిరి. మిమ్మల్ని ఎవురూ అడగలేదని అందరికీ అన్నిసార్లు సెప్తారే, నన్ను మీరేం అడిగినారు సార్?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఒకే జబ్బు కదా అనుకున్నాను. నాది నాకు తెలుసు కాబట్టి ఆ పిల్లది కూడా తెలుసనుకున్నాను. దొరస్వామి నాకు మెత్త వేయించాడు, నేను ఈమెకు ఏసీ ఎదుట టేబులు వేయించాను. ఇన్నేళ్లు ఆయన్ను తిట్టిన నోరు నాది.

"తప్పయిందమ్మా. నీకేం కావాలో చెప్పు" అన్నాను.

ఆమెకు ఆలోచించే పనే లేకపోయింది. పొద్దున పది దాకా యార్డు. ఆ తరువాత కిటికీ ఉన్న మామూలు ల్యాబు. మధ్యలో పావుగంట కాళ్లు చాపుకోవడానికి ఒక బల్ల. అంతా చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రాసుకున్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగాను.

ముఖం గోడవైపు తిప్పుకుంది.

"బాత్రూముకు దగ్గిరగా ఉండేట్టు సూడండి సార్. వస్తే ఆపుకోలేను."

నేనూ గోడవైపే చూశాను. ఆ కారణానికే నేను ప్రతి సీజనూ, ఆ ఎండల్లో, పొద్దున గేటు లోపలికి వచ్చినప్పటినుంచి సాయంత్రం బయటికి పోయేదాకా చుక్క నీళ్లు తాగకుండా పనిచేశాను. ఖాదర్‌కు కూడా చెప్పలేదు. సుగుణకు చెప్పలేదు. ఇంకేమైనా ఉందా అని ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

మీరు అడగండి.